సరమ అడిగిన ప్రశ్న

ఊరికి దూరముగ పోవు పెద్ద రహదారి ప్రక్కను, సాయంకాలపు వేళ, మెడలో తోలుపట్టీతో నిలిచియున్న కుక్కను చూచినవారు మనలో పలువు రుందురు. అది వీధికుక్క కాదు. వీధికుక్కకు లోకము తెలియును. ఎప్పుడు దారి దాటవలెనో, ఎవరి చేతిలో రాయి యున్నదో, ఏ కాకాహోటలు వెనుక ఎంగిలాకులు పడునో దానికి తెలియును. ఈ కుక్కకు అవేమియు తెలియవు. వచ్చిన ప్రతి కారును చూచి తోక నాడించును; నాలుగడుగులు వెంట పరుగెత్తును; మరల వెనుకకు వచ్చి, తన్ను దింపిన చోటనే కూర్చుండును. అది దారి తప్పినదని మన మనుకొందుము. దారి తప్పలేదు, తెచ్చి విడిచినారు. విడిచినవారు మరల వత్తురని అది యెదురుచూచుచున్నది. ఆ యెదురుచూపు కొన్ని దినములు సాగి, ఆకలితోనో, రోగముతోనో, లారీ చక్రముల క్రిందనో ముగియును.

ఈ పని చేయువారు క్రూరులని చెప్పినచో నిజము చెప్పినట్లు కాదు. వారు చదువుకొన్నవారు, బిడ్డలు గలవారు, పండుగనాడు దానధర్మములు చేయువారు. కుక్కపిల్లను తెచ్చిననాడు దానికి ముద్దుపేరు పెట్టి, పాలు పోసి, ఛాయాచిత్రములు తీసి బంధుమిత్రులకు చూపించినవారు వారే. తరువాత ఉద్యోగము వేరొక ఊరికి బదిలీ యగును. క్రొత్త అద్దెయింటివారు జంతువులు కూడవందురు. ఇంటిలో శిశువు పుట్టును. కుక్క అనుకొన్నదానికంటె పెద్దదిగ పెరుగును, రాత్రులందు మొరుగును, జబ్బుపడును, ముసలిదగును. అంతట నొకనాడు దానిని బండిలో ఎక్కించుకొని బయలుదేరుదురు. షికారు పోవుచున్నామని అది సంతోషించును.

పైని చెప్పిన కారణములలో ఒక్కటియైనను ఆ జంతువు చేసిన నేరము కాదు. ఇచ్చట మన కొక పాత కథ జ్ఞాపకమునకు రాక మానదు. నన్నయభట్టు తెలుగుచేసిన ఆదిపర్వములో, కథారంభముననే, సరమ వృత్తాంతము కలదు. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా, సరమ యను దేవలోకపు ఆడుకుక్క బిడ్డ సారమేయుడు ఆడుకొనుచు యజ్ఞభూమికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లితో చెప్పుకొనెను. సరమ రాజు నొద్దకు వచ్చి, ఏ నేరమును చేయని నా బిడ్డను మీ తమ్ములేల కొట్టిరని అడిగెను. మంచిచెడ్డలు విచారింపక నిస్సహాయులకు కీడు చేయువారిని ఊహింపని భయములు వచ్చి చుట్టుకొనునని హెచ్చరించి పోయెను. అంతటి చక్రవర్తియు ఆ మాటకు కలతచెంది, దాని శాంతికొరకు తగిన పురోహితుని వెదకికొనుచు పోవలసివచ్చెను. పంచమవేదమని మనము కొనియాడు గ్రంథము ఒక కుక్క ఫిర్యాదుతో ఆరంభమగుచున్నదను విషయమును బడిలో పాఠము చెప్పునపుడు మనము తగినంతగ గమనించితిమా?

ఆ గ్రంథము చివరికి వచ్చునప్పటికి మరల ఒక కుక్క కనబడుచున్నది. మహాప్రస్థానమునకు బయలుదేరిన పాండవుల వెంట హస్తినాపురమునుండి ఒక కుక్క నడచినది. ద్రౌపదియు తమ్ములును ఒకరి తరువాత ఒకరు దారిలో పడిపోయిరి. కడకు ధర్మరాజును ఆ కుక్కయు మిగిలిరి. ఇంద్రుడు రథము తెచ్చి ఎక్కుమనెను. కుక్కను విడిచి రమ్మనెను. నమ్మి వెంట వచ్చినదానిని విడుచుట మహాపాతకము. అట్టి స్వర్గము నా కక్కరలేదని ధర్మరాజు నిలిచెను. ఆ కుక్కయే ధర్మదేవత యని తరువాత తెలిసినది. తెలియకముందే ఆయన నిలిచినాడనుటలోనే కథయొక్క బలమంతయు నున్నది. ఆనాడు ఆయన యెదుట నిలిచినది దేవతయని యెరిగియుండినచో ఆ నిశ్చయమునకు విలువ యేమి? దుమ్ముపట్టి, డస్సి, తనకేమియు ఉపకరింపని ఒక జంతువు తన్ను నమ్మినదను ఒక్క కారణమే ఆయనకు చాలినది.

పురాణమును ప్రక్కన బెట్టి చరిత్రను చూచినను ఇదే పాఠము కనబడును. జర్మనీదేశమున బాన్ నగర సమీపమునందలి ఓబర్‌కాసెల్ అను చోట 1914లో ఒక ప్రాచీన సమాధి బయటపడినది. సుమారు 14 వేల యేండ్లనాటి ఆ సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోపాటు ఒక కుక్కపిల్ల యెముకలు లభించినవి. ఆ కుక్కపిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ఒక విశేషమును ప్రకటించిరి. అది ఇంచుమించు ఏడునెలల వయస్సున మరణించినది. అంతకుముందు కొన్ని వారములపాటు, నేటికిని కుక్కపిల్లలను చంపుచున్న డిస్టెంపరు వ్యాధితో అది బాధపడినది. మనుష్యులు దానిని శుభ్రపరచి, వెచ్చగ నుంచి, నీరును ఆహారమును అందించియుండనిచో అన్నాళ్లు బ్రతికియుండెడిది కాదని వారి నిర్ణయము. వేటకు పనికిరాని, కాపలా కాయలేని ఒక రోగిష్టి పిల్లకు, ధాన్యము పండించుటయైనను తెలియని ఆ కాలపు మనుష్యులు పరిచర్య చేసిరి. నేడు ఆ వ్యాధికి టీకా కలదు, వైద్యుడు కలడు, మందుల దుకాణము కలదు. అయినను జబ్బుచేసినదను కారణముతోనే కుక్కను ఊరి బయట దింపివచ్చువారును కలరు.

జంతువులన్నిటియందును దయ చూపుమని చెప్పుట ఒక మాట. మన యింటికి తెచ్చుకొన్న జంతువు విషయమున బాధ్యత వహింపుమని చెప్పుట వేరొక మాట. మొదటిది ధర్మము, రెండవది ఋణము. అడవిలోని నక్కకు మనము అన్నము పెట్టనక్కరలేదు. దాని బ్రతుకుదెరువు దానికి తెలియును. కాని కన్ను తెరచిననాటినుండి మన చేతి కూటిని తిని, మన గడపలోపల పెరిగిన జంతువునకు వేటాడుట తెలియదు, వెదకికొనుట తెలియదు, తన జాతివారితో పోరాడి చోటు సంపాదించుకొనుట తెలియదు. ఆ విద్యలను దానికి లేకుండ చేసినవారము మనమే. మచ్చిక చేయుటయనగా ఇదియే. ఒక ప్రాణికి మనము తప్ప వేరొక దిక్కు లేకుండ చేసి, తరువాత పొమ్మనుట దానికి స్వేచ్ఛ నిచ్చుట కాదు.

మన భాషలో ఒక చక్కని మాట యున్నది. పెంపుడు కుక్క, పెంపుడు పిల్లి యని మనమందుము. పెంపుడు కొడుకు, పెంపుడు కూతురు అనియు అందుము. రెండుచోట్లను మాట యొక్కటే. బదిలీ యైనదని పెంపుడు కొడుకును దారిలో దింపి పోయెడి తల్లిదండ్రులుందురా? జంతువును బిడ్డతో సమానముగ చూడుమని మేము చెప్పుట లేదు. కాని ఆ మాటను సృష్టించిన మన పెద్దలు పెంచుట యను పనిలో ఒక విడువరాని బంధము నిమిడ్చిరని మాత్రము చెప్పుచున్నాము.

ఆ బంధము నేడు సంతలోని సరకుగ మారినది. ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో 2003లో ఒక చప్పిడిముక్కు కుక్క కనబడినంతనే దేశమంతటను ఆ జాతి కుక్కలకు గిరాకి పెరిగినది. ఆ చప్పిడిముక్కు వలన అవి శ్వాస సరిగ పీల్చుకొనలేవనియు, వేసవి వేడిమికి త్వరగ సొమ్మసిల్లుననియు కొన్నవారిలో ఎంతమందికి తెలియును? మంచుదేశములలో బండ్లు లాగుటకు పెంచిన, దట్టమైన బొచ్చు గల హస్కీ కుక్కలను విజయవాడ యెండలలో పెంచువారున్నారు. కుక్కకు మనవలె దేహమంతటను చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే అది తన దేహమును చల్లార్చుకొను ప్రధాన మార్గము. ఎనిమిది వారములు నిండని కుక్కపిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్రప్రభుత్వ నియమములు చెప్పుచున్నవి. తల్లి పాలు మరువని పిల్లలను అట్టపెట్టెలలో పెట్టి అమ్ముచుండగా కొనువారు ఆ ప్రశ్నయే వేయరు. మోజుతో కొన్నది మోజు తీరిన పిదప బరువగును. ఏరు దాటుదాక ఓడమల్లయ్య, ఏరు దాటిన పిదప బోడిమల్లయ్య యను సామెత మనుష్యులకొరకే పుట్టినదని యనుకొనరాదు.

కుక్క, పిల్లి మాత్రమే కాదు. గాజుతొట్టెలో ఈదు చేపల కథయు ఇట్టిదే. తొట్టె గోడలకు పట్టిన పాచిని తినునని దక్షిణ అమెరికా నదులకు చెందిన ఒక చేపను తెచ్చి పెంచుట మన పట్టణములలో ఆచారమైనది. అది అడుగుకు మించి పెరుగును. తొట్టె చాలనప్పుడు, చంపుటకు చేతులు రాక, దగ్గరలోని చెరువులోనో కాలువలోనో విడిచివత్తురు. పుణ్యము చేసితిమనియు తలంతురు. ఎముకవంటి పలకలతోను, ముండ్లతోను నిండిన దాని దేహము జాలరి వలలను చింపివేయును. తినువారు లేనందున దానికి ధర పలుకదు. మన జాలరులు దానిని డెవిల్ ఫిష్ అని తిట్టుకొనుచున్నారు. అది ఏ యే నీటిలో వ్యాపించినదో, ఆ నీటిలోని డి.ఎన్.ఎ. ఆనవాళ్లనుబట్టి కనుగొను పద్ధతిని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు రూపొందింపవలసివచ్చినది. రూపాయి బిళ్లంత యుండగా కొనుక్కొన్న ఎర్రచెవుల తాబేలు పళ్లెమంత పెరిగి, ఇరువది ముప్పది యేండ్లు బ్రతుకును. దానిని చెరువులో విడిచినచో స్థానికములగు తాబేళ్ల తిండిని, చోటును అది కాజేయును. ప్రపంచమున మిక్కిలి హాని చేయు నూరు పరాయి జీవజాతుల జాబితాలో దాని పేరు చేరినది. ఒక యింటివారి అలక్ష్యము ఒక చెరువుకు శాపమగుట ఇట్లు. ఇక రామచిలుకను పంజరమున పెంచుటయే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఏండ్ల తరబడి పంజరమున నున్న చిలుకను కిటికీలోనుండి ఎగురవేసినచో, రెక్కల బలము లేని యా పక్షిని కాకులు బ్రతుకనీయవు. అట్టిదానిని అటవీశాఖవారికి అప్పగించుటయే మార్గము.

విడువబడిన కుక్కల వలన కలుగు కష్టము వాటితోనే పోవునది కాదు. ఆడుకుక్క సాధారణముగ ఏడాదికి రెండుమారులు ఎదకు వచ్చును; సుమారు 63 దినములకు ఈనును. శస్త్రచికిత్స చేయింపక వీధిలో విడిచిన ఒక్క ఆడుకుక్క కొద్ది యేండ్లలో ఒక గుంపునకు మూలమగును. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల పసివాడు వీధికుక్కల పాలైన వార్త చదివి కంట తడిపెట్టనివారు లేరు. అట్టి తల్లిదండ్రుల దుఃఖమును చిన్నచేసి జంతుదయను బోధించుట మా యుద్దేశము కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీముకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలను శరణాలయములకు తరలింపుమని ఆజ్ఞాపించినది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యాజ్ఞను సవరించి, రేబిస్ సోకినవియు దుష్టస్వభావము గలవియు తప్ప తక్కినవాటికి శస్త్రచికిత్సయు టీకాయు చేసి, పట్టిన చోటనే విడువుమన్నది. దేశమంతయు ఈ విషయమై రెండు పక్షములుగ చీలి వాదించినది. ఆ వాదములో మునిసిపాలిటీల లోపమును గూర్చి విరివిగ మాటలాడినారు. ఇండ్లనుండి వీధిలోనికి చేరుచున్న కుక్కలను గూర్చి మాటలాడినవారు తక్కువ. పంపునుండి నీరు పారుచుండగా నేల తుడుచుచు కూర్చుండుట ఏమి పని? 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు పెంపుడు జంతువులకు టీకాలు, నులిపురుగుల మందు, సంతాననిరోధక శస్త్రచికిత్స యజమాని బాధ్యతయని స్పష్టముగ చెప్పుచున్నవి. రేబిస్ వ్యాధి లక్షణములు కనబడిన పిదప మనుష్యుని బ్రతికించుట దాదాపు అసాధ్యము. టీకాతో దానిని రాకుండ చేయుట మిక్కిలి సులభము. ఏటేట టీకా వేయించు యజమాని తన కుక్కనే గాక తన వీధిలోని బిడ్డలనుగూడ కాపాడుచున్నాడు.

చట్టము లేకపోలేదు. రాజ్యసభలో శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ చేసిన పట్టుదలతో కూడిన కృషికి ఫలితముగ 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దానిననుసరించి 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆకలిదప్పులతో బాధపడుననుట కవకాశమున్న స్థితిలో, తగిన కారణము లేక జంతువును విడిచిపెట్టుట ఆ చట్టము 11వ విభాగము ప్రకారము నేరము. యజమానియై యుండియు తగిన ఆహారము, నీరు, నీడ కల్పింపకుండుటయు నేరమే. కాని శిక్ష యేమి? మొదటి నేరమునకు 10 రూపాయలకు తగ్గకుండ, 50 రూపాయలకు మించకుండ జరిమానా. మూడేండ్లలోపల మరల చేసినచో 25 మొదలు 100 రూపాయల వరకు జరిమానా, లేదా మూడునెలల వరకు చెర, లేదా రెండును. పెక్కు దశాబ్దములుగ ఈ యంకెలు మారలేదు. వేలరూపాయలు పెట్టి కొన్న కుక్కను 50 రూపాయలతో వదలించుకొనవచ్చుననుట చట్టమునకే చిన్నతనము. పార్లమెంటు ఈ లోపమును సవరింపవలసియున్నది.

అయినను శిక్ష పెంచినంతమాత్రమున అంతయు చక్కబడదు. చీకటిపడిన పిదప ఊరి బయట కుక్కను దింపివచ్చువానిని చూచుటకు అచ్చట పోలీసు ఉండడు. అతని మనస్సే యుండవలెను. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములు నేటికిని నిలిచియున్నవి. మనుష్యులకును పశువులకును వేరువేరుగ చికిత్సకు ఏర్పాటు చేసితిననియు, ఔషధుల మొక్కలు నాటించితిననియు, దారులవెంట నూతులు త్రవ్వించితిననియు రెండువేల రెండువందల యేండ్లకు పూర్వమే ఆ చక్రవర్తి చాటించెను. 1976లో మన రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక కర్తవ్యములలో ప్రాణులయెడ కరుణ గలిగియుండుట యొకటి. రాతిపై చెక్కినను, రాజ్యాంగమున వ్రాసినను, అది ఇంటి గడప దాటి లోపలికి వచ్చినప్పుడే కార్యరూపము పొందును.

మనుష్యులకే కూడు లేని దేశములో కుక్కలను గూర్చి ఇంత విచారమేల యని కొందరందురు. ఈ యాక్షేపణను తేలికగ త్రోసివేయరాదు. కాని ఒక్క సంగతి చూడుడు. జాతికుక్కను వేలు పోసి కొని వీధిపాలు చేయుచున్నవాడు కూడులేనివాడు కాడు. కూడు చాలని రిక్షావాడు తాను తిను రొట్టెలో ముక్కను వీధికుక్కకు వేయుట మన కండ్లయెదుట నిత్యము జరుగుచున్నదే. 2020లో కరోనావ్యాధి వచ్చినపుడు, పెంపుడు జంతువుల వలన అది వ్యాపించునను వదంతి పుట్టినది. దానికి ఆధారము లేదని జంతుసంక్షేమ మండలి ప్రకటించినను, భయపడి కుక్కలను పిల్లులను బయటికి తరిమినవారు పలు నగరములలో కనబడిరి. అది లేమి చేయించిన పని కాదు; విచారణ లేకపోవుట చేయించిన పని.

నిజముగ పెంచలేని పరిస్థితియు కొందరికి రావచ్చును. ఒంటరిగ నున్న వృద్ధుడు మంచము పట్టవచ్చును. ఉన్న ఊరు విడిచి విదేశమునకు పోవలసిరావచ్చును. అట్టివారిని నిందించుట తగదు. కాని విడుచుట వేరు, అప్పగించుట వేరు. బంధువులలోనో స్నేహితులలోనో ఇష్టమున్నవారిని ముందుగ వెదకి, జంతువు అలవాట్లను, వేయించిన టీకాలను, తినెడి తిండిని వివరముగ చెప్పి, క్రొత్త యింటికి అది అలవాటుపడువరకు నడుమ నడుమ పోయి చూచివచ్చుట అప్పగించుట. అట్టివారు దొరకనపుడు పశువైద్యుని సలహా అడుగవలెను, శరణాలయములను ఆశ్రయింపవలెను. హైదరాబాదులో శ్రీమతి అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూక్రాసు వంటి సంస్థలు ఎంతో సేవ చేయుచున్నవి. కాని శరణాలయము ఒక యింటికి బదులు కాజాలదు. అచ్చటి పంజరములు ఎన్నియున్నను చాలవు. తన పనిని పరులపై నెట్టి, చందా యిచ్చి చేతులు కడుగుకొనుట బాధ్యత కాదు.

కావున ఆలోచింపవలసిన సమయము విడుచునాడు కాదు. తెచ్చుకొను దినమునకు ముందటి దినము. కుక్క పది పన్నెండేండ్లు బ్రతుకును. పిల్లి అంతకు మించియు బ్రతుకవచ్చును. ఐదవ తరగతి చదువు బాలుడు నేడు ముచ్చటపడి తెచ్చుకొన్న కుక్కపిల్ల, అతడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగమున చేరునాటికి ముసలిదై గుమ్మమున పడియుండును. దినమునకు రెండుపూటల చొప్పున పన్నెండేండ్లకు 8,760 పూటల తిండి పెట్టవలెను. ఏటేట టీకా వేయింపవలెను. ప్రతి దినము త్రిప్పవలెను. ఊరికి పోవునపుడు ఎవరికో ఒప్పజెప్పవలెను. జబ్బుచేసిన రాత్రి మేలుకొనవలెను. ఇంటిలోని వారందరు దీనికి సమ్మతింతురా? ఇరుగుపొరుగులకు ఇబ్బంది లేకుండ చూడగలమా? ఈ ప్రశ్నలకు ఒక్కదానికైనను సమాధానము లేనిచో, తెచ్చుకొనకుండుటయే ఆ జంతువునకు చేయదగిన మొదటి ఉపకారము. తెచ్చుకొనదలచినచో, అంగడిలో కొనుటకంటె శరణాలయములో దిక్కులేక యున్నదానిని తెచ్చుకొనుట మేలు.

ఉపాధ్యాయ సోదరీసోదరులకు ఒక విన్నపము. పైని చెప్పిన 8,760 పూటల లెక్కను గణితపు గంటలో పిల్లలచేత చేయింపుడు. ఒక పూట తిండికి మీ ఊరిలో ఎంత వెచ్చమగునో వారినే కనుగొని రమ్మని, గుణింపజేయుడు. సామాన్యశాస్త్రపు పాఠములో రేబిస్‌ను గూర్చి చెప్పునపుడు టీకా మాటతో ఆపక, కరచిన గాయమును వెంటనే సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి వైద్యుని యొద్దకు పోవలెనను సంగతి నేర్పుడు. కుక్కను రాతితో కొట్టరాదనియు, తినుచున్నప్పుడు దాని దగ్గరకు పోరాదనియు చెప్పుడు. భయము తీర్చునది జ్ఞానమే. దయకు పునాది వేయునదియు జ్ఞానమే. తెలుగు గంటలో సరమ కథ వచ్చినపుడు సంధులు, సమాసములు విడదీయుటతో తృప్తిపడక, ఆ రాజకుమారుల స్థానమున మీరుండినచో సరమకు ఏమని చెప్పుదురని పిల్లల నడుగుడు. వారు వ్రాసి తెచ్చు సమాధానములలో పెద్దలకును పనికివచ్చునవి కొన్ని తప్పక యుండును.

విద్యార్థులారా, మీరొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఇంటిలో జంతువు కావలెనని మారాము చేయువారు తరచుగ మీరే. తీరా తెచ్చిన పిదప పని చేయునది అమ్మ. ఖర్చు పెట్టునది నాన్న. విసుగు పుట్టి విడిచిననాడు మీరు ఏడ్చి యూరకుందురు. ఆ యేడుపు నిజమైనదే. కాని అది చాలదు. తెమ్మని అడుగుటకు నోరున్నవారికి, విడువవద్దని అడ్డుపడుటకును నోరుండవలెను. అంతకుముందు, ప్రతి ఉదయమున దానికి నీళ్లు పెట్టుటకు చేతులుండవలెను.

పెద్దలకును ఒక మాట. ముసలిదైన కుక్కను బండిలో ఎక్కించుకొని పోయి, ఖాళీబండితో తిరిగివచ్చిన తండ్రిని గుమ్మమున నిలిచిన కుమారుడు చూచుచునే యుండును. అతడు అడిగిన ప్రశ్నకు ఏదో యొక కట్టుకథ చెప్పవచ్చును. కాని పిల్లలు కథలను మరచిపోవుదురు, చూచినదానిని మరచిపోరు. పనికివచ్చునంతకాలము దగ్గర నుంచుకొని, భారమైననాడు దూరముగ దింపిరావచ్చునను పాఠము ఆ దినమున ఆ యింట బోధింపబడినది. ఆ పాఠమును అతడు ముందుముందు ఎవరిపై ప్రయోగించునో చెప్పగలవారెవరు? సరమ హెచ్చరించిన ఊహింపని భయము ఇట్టిదియే కాబోలు.

యజ్ఞము చేయుచున్న రాజులయెదుట నిలిచి, నా బిడ్డ చేసిన నేరమేమని ఒక కుక్క అడిగినది. వారికి చెప్పుటకు సమాధానము లేకపోయినది. రహదారి ప్రక్కను మెడపట్టీతో నిలిచియున్న కుక్క అదే ప్రశ్నను ప్రతి బండిని అడుగుచున్నది. దానికి నోరు లేదు, కన్నులున్నవి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట మన చేతిలో లేదు. ఆ ప్రశ్న పుట్టకుండ చేయుట మాత్రము, జంతువును తెచ్చుకొన్న ప్రతి యింటివారి చేతిలోను ఉన్నది.